ఆరోది ఎవరిది?

"ఆరు కనెక్టయ్యున్నాయండి. మీ ఇంట్లో ఎన్ని ఫోన్లు?" అని అడిగాడు రౌటర్ చూడటానికి వచ్చిన మెకానిక్.

"అయిదు," అన్నాడు త్రినాధరావు. వారం రోజులుగా నెట్ ఎందుకు నత్తనడక నడుస్తోందో అతనికి అర్థమైపోయింది. గవరపాలెంలో వాళ్ల పక్కిల్లు హసన్‌ది. రంజాన్‌కి హసన్ కొత్త ఫోను కొన్నాడు. త్రినాధరావు గోడ దాకా వెళ్లి చూసొచ్చాడు.

"ఆ ఆరోదాన్ని బ్లాక్ సేసీ. బావా బావా అంటూనే మన నెట్టు వాడేత్తన్నాడు."

బ్లాక్ చేయగానే నెట్ నిజంగానే వేగం అందుకుంది. ఇంకా రుజువేం కావాలి? ఆ రోజునుంచి హసన్ పలకరించినా త్రినాధరావు మొహం తిప్పుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున్న గేటు ముందు పెట్టిన బైకు కనబడలేదు. సంగతి తెలిసి హసనే పరుగున వచ్చాడు.

"నా స్కూటరెక్కు బావా, స్టేషన్‌కి ఎల్దాం."

స్టేషన్‌లో త్రినాధరావు ధీమాగా ఫోను తీసి ఎస్సైకిచ్చాడు. "ఈమధ్యే గేటు మీద కెమెరా పెట్టించాను సార్. దొంగ దొరికిపోతాడు."

ఎస్సై చూసి, "నాలుగు రోజులుగా ఇందులో ఏమీ రికార్డవలేదు. ఈ కెమెరాకి వైఫై ఎవరు కట్ చేశారు?" అన్నాడు.

త్రినాధరావు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు: ఫోన్లు అయిదు, కెమెరాతో ఆరు.

"ఆఖరి వీడియోలో మాత్రం ఎవడో ఉన్నాడు," అంటూ ఎస్సై ఫోను ఇద్దరి ముందూ పెట్టాడు. గళ్ల లుంగీ ఎగగట్టిన మనిషొకడు, హసన్ ఇంటి గోడ మీంచి లోపలికి తొంగిచూస్తున్నాడు. వీపే కనిపిస్తోంది. "పోల్చగలరా?"

హసన్ వీడియో చూశాడు. పక్కన నిలబడ్డ త్రినాధరావు గళ్ల లుంగీ చూశాడు.

"ఎనకనుంచి కదండీ," అన్నాడు, "ఎవురో తెల్టం లేదు."