ఒకే చోట మూడేళ్లు

"విమానాల కార్డు నాకెందుకు బాబూ? నేను సోఫాలకి గుడ్డ మార్చేదాన్ని," అంది ఆవిడ, మెరిసే కాగితాన్ని వెనక్కి నెడుతూ.

బ్యాంకు ఆఫీసరు నవ్వి రెండో క్రెడిట్ కార్డు కాగితం తీశాడు. అది పెట్రోలు కార్డు.

"మా వదినకి సైకిలు కూడా లేదు," అంది పక్కన కూర్చున్న ఆడపడుచు. "మాలాంటి వాళ్లు వాడేది ఏదన్నా ఉంటే చూపించండి."

మూడోది కుదిరింది. సరుకు ఇప్పుడు కొనుక్కుని నెలన్నర తర్వాత డబ్బు కట్టుకోవచ్చు. సినిమా హాలు వాళ్లు కుర్చీలన్నిటికీ కొత్త రెగ్జిన్ వెయ్యమన్నారు. పని పూర్తయ్యాకే డబ్బు అన్నారు. రెగ్జిన్ కొట్టువాడేమో రొక్కం చేతిలో పెట్టందే గజం కూడా కొయ్యనన్నాడు. ఈ నెలాఖరులోగా పని మొదలుపెట్టకపోతే అంత పెద్ద ఆర్డరూ ఇంకొకళ్లకి పోతుంది. అందుకే ఇవాళ షట్టరు కూడా ఎత్తకుండా వచ్చింది.

ఆఫీసరు కీబోర్డు మీద టకటకా కొడుతూ ఉన్నట్టుండి ఆగాడు.

"దుకాణం ఇప్పుడున్న చోట ఎన్నాళ్ల నుంచీ ఉందమ్మా?"

"వెనక వీధిలోకి వచ్చి ఏడు నెలలైంది."

"అయితే కష్టం. ఒకే చోట మూడేళ్లు ఉండాలి."

"పని మాత్రం పదకొండేళ్లుగా చేస్తున్నాను కదా."

"చోటు ముఖ్యమమ్మా. ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట అంటే మేం ఎవరిని పట్టుకోవాలి? నిలకడ లేని వ్యాపారానికి కార్డెలా ఇస్తాం?"

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఏనాడూ ఒకరి పని ఎగ్గొట్టింది లేదు. కుట్టి కుట్టి వేళ్లు కాయలు కాశాయి. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన ఈ పిల్లాడు తనకి నిలకడ లేదంటాడా?

"నేనేమన్నా సరదాకి సామాను నెత్తిన పెట్టుకుని తిరిగానా?" గొంతు పెరిగింది. క్యూలో వాళ్లు ఇటు తిరిగారు. "ఒక్క నెల తప్పకుండా అద్దె కట్టాను. మూడింతలు ఇస్తామని ఎవరో వస్తే ఓనరు నన్ను నెల తిరక్కుండా ఖాళీ చేయించాడు."

"ఊరుకో వదినా, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నేనేం తప్పు చేశాను?"

ఆఫీసరు మెత్తబడ్డాడు. అతనిది చెడ్డ మనసేం కాదు.

"నిజమేనమ్మా, అన్యాయమే. డబ్బుంది కదా అని చిన్నవాళ్ల పొట్ట కొట్టేస్తారు. ఒక పని చెయ్యండి. మీ తర్వాత ఆ చోట్లోకి వచ్చినవాళ్లు ఉన్నారు చూడండి, అంతకుముందు అక్కడ మీ దుకాణమే ఉండేదని వాళ్లచేత ఒక ముక్క రాయించి తెండి. మేనేజరుగారితో నేను మాట్లాడతాను. ఆ మాత్రం సిగ్గు వాళ్లకి ఉంటుందిలెండి."

ఆవిడ బల్ల మీదున్న తెల్లకాగితం తీసి అతని ముందు పెట్టింది.

"అయితే రాయి బాబూ. నువ్వు కుర్చీ వేసుకున్న చోటే నా కుట్టుమిషను ఉండేది."