గట్టిగ చెప్పు

"నాకు బతకాలని లేదు నాయినా," అంది హారతి, మెల్లగా.

ఇక్కడి మాట ఈ గది దాటదని మాటిచ్చాకే కాలేజీ కౌన్సెలర్ మేడం ఆమె తండ్రిని పిలిపించింది.

మార్కండేయ చెవికి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏందీ? జర గట్టిగ చెప్పు బిడ్డా. ఇరవై ఏండ్ల సంది సాంచల చప్పుడుకు చెవులు పోయినయి."

హారతి మళ్లీ చెప్పింది.

"ఇంక గట్టిగ."

మూడోసారి అరిచింది. తలుపు అవతల బెంచీ మీది క్లాసువాళ్ల నవ్వులు టక్కున ఆగిపోయాయి.

"బస్ కరో, ఇక చాలు," అంటూ మేడం లేచింది.

"పా ఇంటికి," అన్నాడు మార్కండేయ.

అప్పుడు గుర్తొచ్చింది హారతికి. తాముండే లింబాయత్‌ పేటలో సాంచలు, ఆ మరమగ్గాలు, ఆడుతుంటే ఎవరి మాటా ఎవరికీ వినబడదు. పొద్దంతా పెదాలు చూసే మాట్లాడుకుంటారు, అమ్మా నాయినా.

ఆమె గొంతు లేకుండా పెదాలు మాత్రమే కదిపింది: నిజంగ సమజ్ కాలేదా నాయినా?

మార్కండేయ చెయ్యి చెవి మీంచి దిగింది.

"మొదటిసారే అయింది. గట్టిగ చెప్పుమంటే సిగ్గుపడి ఊకుంటవనుకున్న. ఊకుంటివా?"