‘ఊఁ’ అంటే ఒప్పుకున్నట్టు కాదు

ఫిబ్రవరి పదకొండు, ఆదివారం. ఆ ఉదయం లాయరుగారు తిన్నది స్వయంగా కాల్చుకున్న రెండు బ్రెడ్డు ముక్కలు. ఒకటి మాడింది. అయినా హుషారుగానే ఉన్నారు. వాదన ఉన్న రోజున నోట్లోకి ఏం పోతోందో ఆయనకి పట్టదు. నోట్లోంచి ఏం రావాలన్నదే ధ్యాస.

ముప్ఫై ఏళ్ల ప్రాక్టీసు. ఎప్పుడూ ప్రతివాది పక్షమే. బస్సు గుద్దితే బస్సు తరఫున, లిఫ్టు తెగితే లిఫ్టు కంపెనీ తరఫున. కక్షిదారులకి ఆయన చెప్పే మొదటి మాట ఒకటే.

“పరామర్శకి వెళ్లండి. పళ్లు పట్టుకెళ్లండి. కావాలంటే కన్నీళ్లు పెట్టుకోండి. ‘పొరపాటు మాదే’ అని మాత్రం అనకండి. అన్నారంటే ఇక నేనెందుకు?”

కోర్టు లేని రోజున ఆయన కాలనీ మనిషి. సంక్షేమ సంఘానికి అధ్యక్షుడు. వీధి దీపాలు వేయించారు. రక్తదాన శిబిరాలు పెట్టించారు. ఎవరికే తగాదా వచ్చినా ఉచితంగా సలహా ఇస్తారు. పార్కు పక్కన పఠన మందిరం ఆయన పట్టుబట్టి కట్టించిందే.

గొడవ దాని మెట్ల దగ్గరే వచ్చింది.

మూడో మెట్టు మీద పలక ఊడిపోయి కదులుతోంది. సాయంత్రాలు అక్కడ పిల్లలకి లెక్కలు చెప్పే రిటైర్డ్ టీచరమ్మ దాని మీద కాలేసి పడింది. మడమ విరిగింది. సంఘం మీద ఫిర్యాదు పెట్టింది. నష్టపరిహారం అడగలేదు. అధ్యక్షులవారు అందరి ముందూ “పొరపాటు మాదే” అనాలి, అంతే.

“అదొక్కటి తప్ప ఏదైనా అడగమనండి,” అన్నారు లాయరుగారు. సంఘం తరఫున ఫీజు లేకుండా తనే వాదిస్తానన్నారు.

విచారణ పఠన మందిరంలోనే. అదే కాలనీలో ఉండే రిటైర్డ్ జడ్జిగారు తీర్పరి. కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. లాయరుగారి దృష్టిలో కేసులో మనుషులుండరు. వాది, ప్రతివాది, సాక్షి. కాబట్టి టీచరమ్మని మనమూ వాది అనే అందాం.

కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది వాది.

“మీరు చదువుకున్నవారు,” అని మొదలుపెట్టారు లాయరుగారు.

ఆ ‘మీరు’ వినగానే వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జిగారు దగ్గారు.

“పలక కదులుతోందని మీకు ముందే తెలుసు. సంఘానికి తెలియజేశారా?”

“చెప్పాను. అధ్యక్షులకే చెప్పాను. అంటే మీకే.”

“రాతపూర్వకంగానా?”

“నోటితోనే. మీరు పేపరు చదువుకుంటుంటే.”

“నేనేమన్నాను?”

“ఊఁ అన్నారు.”

ఈసారి నవ్వు గోడల దాకా పాకింది. లాయరుగారు చలించలేదు. జడ్జిగారి వైపు తిరిగారు.

“‘ఊఁ’ అనేది అంగీకారం కాదు సార్. విన్నానన్నదానికి రుజువూ కాదు. పేపరు చదివే మనిషి గొంతులోంచి వచ్చే ఒక చప్పుడు, అంతే.”

“అది మాత్రం నిజమే,” అంది వాది. “ఒప్పుకుంటున్నాను.”

“పడ్డ రోజున మీ కళ్లజోడు ఎక్కడుంది?”

వాది మొదటిసారి తడబడింది.

“ఇంట్లో.”

“ఇంట్లో ఎక్కడ?”

“ఫ్రిజ్ మీద.”

“అంటే కళ్లజోడు లేకుండా, సందెచీకట్లో, కదులుతుందని తెలిసిన మెట్టు ఎక్కారు. నా ప్రశ్నలు అయిపోయాయి సార్.”

“అది అక్కడుందని మీకెలా తెలిసిందో, అదీ చెప్పండి,” అంది వాది.

“ప్రశ్నలు వేసేది నేను.”

జడ్జిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. వాదిని అడిగారు. “ఎందుకమ్మా ఇంత పట్టుదల? ఆ మాటతో కాలు అతుక్కుంటుందా?”

“అతుక్కోదండీ. ఈయన నోట ఆ మాట ఎలా ఉంటుందో ఒక్కసారి వినాలని. అంతకు మించి ఏమీ లేదు.”

గదిలో ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు ముందుకు వంగి గొంతు తగ్గించారు.

“మూడు ముక్కలు కూడా లేవు. అనేసెయ్యండి లాయరుగారూ. మీకే మంచిది.”

లాయరుగారు ఫైలు మూశారు. ఒక్క క్షణం వాది కట్టు వైపు చూశారు. పెదవి కదిలింది కూడా. మళ్లీ ముప్ఫై ఏళ్ల అలవాటే గెలిచింది.

“నా మంచి కాదు సార్, సంఘం మంచి చూడాలి.”

ఫిర్యాదు కొట్టేశారు. పలక వెంటనే బాగు చేయించమని మాత్రం సంఘానికి చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు, కొంచెం ఆలోచించి. వాదిని జడ్జిగారు తన కారులో ఇంటి దగ్గర దింపారు. లాయరుగారు దారి పొడుగునా కనిపించినవాళ్లతో చేతులు కలుపుతూ నడిచి వెళ్లారు.

ఆ రాత్రి వాది చేతికర్ర ఊతంగా హాల్లోకి వచ్చి, సోఫా మీద దిండూ దుప్పటీ పెట్టి, “ఏమండీ, చలేస్తే ఇంకో దుప్పటి బీరువాలో ఉంది,” అని లాయరుగారితో అని, తమ పడకగది తలుపు చప్పుడు కాకుండా లోపలినుంచి వేసుకుంది.