తొట్టిలో తెల్లనీళ్ళు

పెద్దకోడలు అటూ ఇటూ చూసి, గోడ మీదుగా చెయ్యి చాపి, చిన్న సీసాలోది ఇవతలి కోళ్ళ తొట్టిలో వంచింది. నీళ్ళు తెల్లబడ్డాయి. సీసాను కొంగులో దాచుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

వంటింటి కిటికీలోంచి చిన్నకోడలు అంతా చూసింది. చేతిలో చేట చేతిలోనే ఉండిపోయింది.

పెరటి మధ్య ఆ గోడ కట్టింది అన్నదమ్ములైనా, కాపలా కాస్తున్నది మాత్రం తోటికోడళ్ళే. గోడ లేచాక మాటల్లేవు. కోళ్ళు మాత్రం రెండువైపులా ఒకేలా చిక్కిపోతున్నాయి. ఎంత మేసినా రొమ్ము ఎముక కత్తిలా తేలుతోంది. తురాయిలు పాలిపోయాయి. మొన్న అటువైపు పుంజు చస్తే, పెద్దకోడలు దాన్ని సంచిలో వేసుకుని పశువుల ఆస్పత్రికి పోయింది. చచ్చినదానికి వైద్యమేమిటని చిన్నకోడలు ఆ రోజు నవ్వింది కూడా. తన మొగుడు నడుం పడిపోయి మంచమెక్కాక ఈ ఇల్లు గుడ్ల మీదే నడుస్తోంది.

ఇప్పుడు నవ్వు రాలేదు.

"తనవి పోతున్నాయని నావీ పోవాలా?" అంది మొగుడితో.

"వదిన అలాంటిది కాదే."

"అయితే ఆ తొట్టిలో నీళ్ళు నువ్వు తాగి చూపించు."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

చిన్నకోడలు తొట్టిని బకెట్లోకి వంపేసింది. పెద్దకోడలు తన కోళ్ళకు రోజూ బియ్యం కడుగు పోస్తుంది కాబట్టి అవతలి తొట్టి ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. ఆవిడ బట్టలు ఉతకడానికి వెళ్ళిన సందు చూసి, బకెట్టంతా అందులో పోసింది. ఎవరి విషం వాళ్ళకే అనుకుంది.

అనుకుందే గానీ, ఆ రాత్రి రెండుసార్లు లేచి గోడ దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. తను కొత్తగా కాపురానికొచ్చినప్పుడు, రెక్క నొప్పి పుట్టకుండా కోడిని ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆవిడే.

తెల్లారి గుండె చిక్కబట్టుకుని గోడ మీంచి తొంగి చూసింది. ఒక్కటీ చావలేదు. పెద్దకోడలు పెరడు ఊడుస్తోంది. రెట్టల్లో తెల్లని దారపు ముక్కల్లాంటివేవో ఉన్నాయి.

నెల తిరిగేసరికి అటువైపు తురాయిలు మందారాల్లా ఎర్రబడ్డాయి. ఇటువైపు కోళ్ళు ఒకదాని వెనక ఒకటి తలలు వాల్చేశాయి. ఆవిడకు విషం కూడా కలిసొచ్చిందని చిన్నకోడలు పళ్ళు కొరికింది.

ఆఖరి పెట్టను పాతిపెడుతుంటే వెనక అడుగుల చప్పుడైంది. గోడ లేచాక మొదటిసారి, పెద్దకోడలు వీధి చుట్టూ తిరిగి వచ్చింది. చంకలో ఒక పెట్ట ఉంది.

"దీన్ని ఉంచుకోవే. గుడ్లు పెడుతోంది."

చిన్నకోడలు తలెత్తలేదు. "నీవి బాగానే తేరుకున్నాయిగా అక్కా."

"అదే నాకూ అంతుపట్టడం లేదు. పుంజును కోసి చూసి, పేగుల నిండా పురుగులే అన్నాడు డాక్టరు. మందు ఒక్క సీసాయే మిగిలిందని ఇచ్చాడు. చూస్తే మరిది మంచంలో ఉన్నాడు. నేనిస్తే నువ్వు పుచ్చుకోవు."

పెద్దకోడలు పెట్ట వీపు నిమిరింది.

"ఉన్నదంతా నీ తొట్టిలోనే పోశాను."