ఏడో నంబరు పాయింటు

"ఓ తాతా! పట్టాల మీంచి ఇవతలికి రా! ఇవాళ్టి నుంచి అవి వాటంతటవే కదుల్తాయి. కాలు పెడితే నలిగిపోతుంది!"

మేస్త్రీ అరుపుకి ముసలాయన ఉలిక్కిపడి కంచె అవతలికి వెళ్లాడు. ఇంటికి మాత్రం వెళ్లలేదు. ఏడో నంబరు పాయింటుకి ఎదురుగా, కంచె పట్టుకుని నిలబడ్డాడు.

ఇంజనీరమ్మకి నవ్వొచ్చింది. ఆ ఉదయం ఆమెకి ఎవరిమీదా కోపం వచ్చేలా లేదు. కాళ్లు నేల మీద ఆనడం లేదు మరి.

రెండేళ్ల చాకిరీ ఇంకో అరగంటలో తేలిపోతుంది.

యార్డులో పన్నెండు పాయింట్లు. రైలుని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించాలంటే ఇన్నాళ్లూ మనిషి పట్టాలు దాటుకుంటూ వెళ్లి, ఇనప లివరు లాగాల్సిందే. ఇక గదిలో కూర్చుని బటన్ నొక్కితే చాలు, మోటారే లాగేస్తుంది.

"పాత లివర్‌మ్యాన్ అయ్యుంటాడు" అన్నాడు మేస్త్రీ. "లివర్లు పీకేస్తుంటే కడుపు తరుక్కుపోతోంది పాపం."

"దిగులు పడకండి తాతగారూ!" ఇంజనీరమ్మ కేకేసింది. "మీ లివర్లకి కూడా రిటైర్మెంటు వచ్చింది, అంతే!"

ముసలాయన ఏదో చెప్పబోయాడు. ఆమె అప్పటికే ప్యానెల్ గదిలోకి పరుగు తీసింది.

లోపల కూర్చున్న పెద్దాఫీసరు మొదలుపెట్టమని తలూపాడు.

ఒకటి నొక్కింది. పచ్చదీపం. రెండు. పచ్చదీపం. ఆరు దాకా చప్పట్లే చప్పట్లు.

ఏడు నొక్కింది.

దీపం వెలగలేదు. బయట మోటారు గుర్రుమంటోంది. పట్టా మాత్రం వేలు దూరేంత సందు వదిలి ఆగిపోయింది.

"ఎక్స్‌ప్రెస్సు బయటి సిగ్నల్ దగ్గర ఆగింది" స్టేషన్ మాస్టరు మెల్లగా అన్నాడు.

పెద్దాఫీసరు గడియారం చూసుకున్నాడు. "ఇరవై నిమిషాలు. ఈలోగా వెలగకపోతే మోటార్లు విప్పేసి లివర్లే బిగించండి. ఈ ప్రయోగం ఇక్కడితో సరి!"

ఇంజనీరమ్మ ఒక్క ఉదుటున బయటికొచ్చింది. పడుతూ లేస్తూ పాయింటు దగ్గరికి పరిగెత్తింది. బోల్టులు చూసింది. వైర్లు చూసింది. మోటారు మూత తీసి చూసింది. అన్నీ లక్షణంగా ఉన్నాయి!

"నిన్నటిదాకా లివరుతో బాగానే పడింది కదమ్మా!" మేస్త్రీ తల పట్టుకున్నాడు.

"పడలేదు" కంచె అవతల నుంచి ముసలాయన అన్నాడు. "ఒక్క లాగుడుకి ఇది ఏనాడూ పడలేదమ్మా. ఒకసారి లాగి, కాస్త వదిలి, మళ్లీ లాగాలి. అందరికీ చేతికి అలవాటైపోయి మీకు చెప్పి ఉండరు. మోటారుకేం తెలుసు? ఒక్కసారే లాగుతుంది."

ఇంజనీరమ్మ గబగబా కంచె దగ్గరికి వచ్చింది. లివర్‌మ్యాన్లందరినీ కూర్చోబెట్టి వంద ప్రశ్నలు అడిగింది తను. ఒక్కరంటే ఒక్కరు ఈ ముక్క చెప్పలేదు.

"ఎందుకలా?"

"పట్టాల కింద కొస నుంచి మూడో స్లీపరు దిమ్మ కుంగింది. దాని మీది ఇనప పలక ఒరిగి, పట్టా అంచుకి తట్టుకుంటుంది. ఎన్నిసార్లు ఎత్తినా నీరు చేరి మళ్లీ దిగుతుంది. మా ఇంట్లో ఏళ్ల తరబడి దీని గొడవే."

"జాకీ! జాకీ తెండి!"

స్లీపరు లేపారు. కింద కంకర దట్టించారు. ఇంజనీరమ్మే గడ్డపార అందుకుంది. పద్దెనిమిదో నిమిషానికి అందరూ పక్కకి తప్పుకున్నారు. ఆమె గది వైపు చెయ్యూపింది.

టక్!

పట్టా ఒక్క ఊపున వెళ్లి అతుక్కుంది.

"పచ్చ! పచ్చ!" గదిలోంచి కేకలు.

మిగతా అయిదూ వరసగా వెలిగాయి. ఎక్స్‌ప్రెస్సు కూత పెట్టి, ఏడో నంబరు మీద లైను మారి, దర్జాగా స్టేషన్లోకి వచ్చింది. ఇంజనీరమ్మ చిన్నపిల్లలా గంతులేసింది. మేస్త్రీ టోపీ గాల్లోకి ఎగిరింది.

"తాతగారికి ఏదైనా ఇవ్వాలి!"

ఆమెకి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. పీకి పక్కన పడేసిన ఏడో నంబరు లివరుని తన చున్నీతోనే నిగనిగలాడేలా తుడిచింది. రెండు చేతులా మోసుకెళ్లింది.

"మీ లివరు తాతగారూ! జ్ఞాపకంగా ఇంట్లో పెట్టుకోండి."

ముసలాయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"వద్దు తల్లీ." ఏడో నంబరు వైపు ఒకసారి చూశాడు. "మోటార్లు బాగా పెట్టావు. చల్లగా ఉండు."

గేటు దాటి వెళ్లిపోయాడు.

"అలిగాడు" మేస్త్రీ నవ్వాడు. "లివర్‌మ్యాన్ బుద్ధి ఎక్కడికి పోతుంది?"

స్టేషన్ మాస్టరు వచ్చి, ఆమె చేతుల్లోంచి లివరు తీసుకుని కింద పెట్టాడు.

"ఆయన బడిపంతులమ్మా. జీవితంలో లివరు పట్టలేదు. ఏడో నంబరు లివరు లాగే ఉద్యోగం ఆయన భార్యది. పందొమ్మిదేళ్ల కిందట జోరువానలో దాని దగ్గరికి పట్టాలు దాటుతూ ఇంజను కింద పడి చనిపోయింది. ఈ మోటార్లు పెట్టమని అప్పట్నుంచీ నెలకో అర్జీ రాస్తూ వచ్చింది ఆయనే."