పాదిరీల బడికి వీడ్కోలు

పాత బడి కూల్చే రోజు కెనడాలో మా క్రీ ఆదివాసుల ఊరంతా ఈలలు వేసింది. ఫిలొమీన్ అమ్మమ్మ మాత్రం యంత్రానికి అడ్డంగా నిలబడింది.

“తప్పుకో అమ్మమ్మా! ఆ పాదిరీలు నిన్ను బాదింది చాలదా? ఇంకా ఈ బడి మీద ప్రేమేంటి?” అన్నాడు యంత్రం నడిపే లైల్.

“ఒక్క నిమిషం ఆగరా.”

ఆమె పెచ్చులూడిన గోడకు చెయ్యి ఆనించింది. “తమ్ముడూ, బడి పోతోంది. ఇంటికి పోదాం రా,” అంది ఇంగ్లీషులో. ఆరేళ్లకే చనిపోయిన ఆమె తమ్ముణ్ణి పాదిరీలు ఆ పెరట్లోనే పాతిపెట్టారు.

లైల్ ఇంజను ఆపి కిందికి దిగాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

“వాడు ఇంగ్లీషు నేర్వకముందే పోయాడురా. నాకేమో ఈ పాదిరీలు బాది బాది మన క్రీ భాష ఒక్క ముక్కా మిగల్చలేదు. నువ్వన్నా వాణ్ణి పిలవరా.”

లైల్ హెల్మెట్ తీసి తలదించుకున్నాడు.

“నాకూ రాదు అమ్మమ్మా.”