యాదయ్య వేయించిన రంగు

ఆ రోజు యాదయ్య ఇంట్లో ఐదుగురున్నారు. యాదయ్య, అతని భార్య జంగమ్మ, ఊరి హైస్కూలు తెలుగు సారు ముకుందం, పట్నం నుంచి వచ్చిన ట్రస్టు మేడం భాగీరథి, గోడకు ఆనుకుని నిలబడ్డ తొమ్మిదో తరగతి వర్షిత. ఐదుగురూ బార్లా తెరిచిన వీధి తలుపు వైపే చూస్తున్నారు.

తలుపు ఆకుపచ్చగా మెరుస్తోంది. అంచుకు పసుపు పట్టీ. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు.

"రాత ఏది?" అని భాగీరథి మేడం అడిగింది.

వర్షిత సారు వైపు చూసింది. సారు యాదయ్య వైపు చూశాడు. యాదయ్య ఒక్కడే సంతోషంగా ఉన్నాడు.

"మీరొస్తున్రని నిన్ననే రంగేపిచ్చిన మేడం. చేవెళ్లకు పోయి డబ్బ తెచ్చిన. పేంటరు మంచిగ గీకిండు. ఆ పాత రాతల ఒక్క అక్షరం గూడ కనవడ్తలేదు చూడుండ్రి."

ముకుందం సారు తల పట్టుకున్నాడు.

ఆ ట్రస్టు ఊళ్ళకు చిన్న చిన్న గ్రాంట్లు ఇస్తుంది. ఊళ్ళో పాత గుర్తు ఒకదాన్ని కాపాడుకుంటామని బడి పిల్లలు రాసి పంపాలి. వాళ్ళకు నచ్చితే ఆ గుర్తును బాగుచేయడానికి కొంత, బడికి కొంత ఇస్తారు. వర్షిత వాళ్ళు బడికి లైబ్రరీ అడిగారు. ఇప్పుడున్న పుస్తకాలన్నీ ఒక్క ఇనుప బీరువాలో పడతాయి. వర్షిత వాటిని రెండేసిసార్లు చదివేసింది. అందుకే దరఖాస్తు తనే రాస్తానంది. ఊరి మొదటి బడి యాదయ్య ఇంట్లోనే నడిచిందని, ఆ తలుపు మీద తెల్లరంగుతో రాసిన 'ప్రాథమిక పాఠశాల' అనే అక్షరాలు ఇంకా ఉన్నాయని రాసింది. రాసినప్పుడు ఉన్నాయి కూడా.

సారు ఫోను తీసి పాత ఫొటో చూపించాడు. మేడం దాన్ని పెద్దగా చేసి చూసింది.

"ఫొటో ఉంది సార్, కాదనను. కానీ గ్రాంటు ఇచ్చేది ఉన్నదాన్ని కాపాడటానికి. ఇక్కడ కాపాడటానికి ఏం మిగిలింది?"

ఆమె గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేదని సారుకు అనిపించింది. రాసింది ఈ అమ్మాయేనని, నాలుగు మాటలు వినమని బతిమాలి వర్షితను ముందుకు పిలిచాడు. వర్షిత ఆ నాలుగు మాటలనూ వారం రోజులుగా కంఠస్థం చేస్తోంది. నోరు తెరిచింది. ఒక్కటీ బయటికి రాలేదు.

మేడం పర్వాలేదమ్మా అంది.

జంగమ్మ భర్త వైపు తిరిగింది. "గోడలకు సున్నమెయ్యమని మూడేండ్ల సంది మొత్తుకుంటున్న. అప్పుడు లేవని చెయ్యి ఇయ్యాల తలుపు మీద లేసిందా?"

"ఇంటికి పెద్దమనుషులొస్తుంటే గట్లనే ఉంచాల్నా?"

"ఆమె వచ్చిందే పాతది చూసెతందుకు."

"పాతది చూసెతందుకు కారేసుకొని ఎవరన్న వస్తరానే?"

అని, మేడం ముఖం చూసి యాదయ్య ఆగిపోయాడు. చేసిన పని ఏమిటో అప్పటికి అతనికి అర్థమైంది. భుజం మీది తువాల తీసి చేతుల్లో నలిపాడు. పేంటరును పిలిపించి మళ్ళీ రాయిస్తానని, కావాలంటే ముందుకన్నా పెద్ద అక్షరాలు పెట్టిస్తానని అన్నాడు. మేడం తల అడ్డంగా ఊపింది. మొయినాబాద్ అవతల ఇంకో ఊరు చూడాలంటూ సంచి భుజానికి తగిలించుకుంది.

"వచ్చే ఏడు మళ్ళీ పెట్టండి సార్."

వచ్చే ఏడు పెట్టి, గ్రాంటు వచ్చి, పుస్తకాలు కొనేసరికి వర్షిత ఆ బడిలో ఉండదు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తబోయింది. వీధిలో కారు చుట్టూ ఆమె క్లాసు పిల్లలే సగం మంది మూగి ఉన్నారు.

వాళ్ళను వర్షిత కన్నా ముందే జంగమ్మ చూసింది. గబగబా గుమ్మం దగ్గరికి వెళ్ళి, రంగు అంటకుండా కొంగుతో పట్టుకుని, వర్షిత ముఖం మీదే తలుపు వేసేసింది.

"గట్ల ఏడ్సుకుంట బజాట్లకు పోతవా బిడ్డా? అందరు నవ్వుతరు. జర మొఖం కడుక్కొని పో."

వర్షిత కదల్లేదు. తలుపును చూస్తూ అలాగే నిలబడింది. చెయ్యి చాచి దాన్ని వేళ్ళతో తడిమింది.

"మేడం," అంది. ఆ రోజు ఆమె నోటినుంచి వచ్చిన మొదటి మాట అది.

ఇంతసేపూ గోడ వైపు తిరిగి ఉన్న తలుపు లోపలి వైపు ఉత్త చెక్క. దాని నిండా, చిన్నపిల్లల చెయ్యి అందే ఎత్తునుంచి అడుగుదాకా, మేకుతో చెక్కిన పేర్లు. హన్మయ్య, మూడో తరగతి, 1961. బాలమణి, రెండో తరగతి, 1963. దాని కింద ఇంకొకటి, ఇంకొకటి. కొన్ని అక్షరాలు తిరగబడి ఉన్నాయి. మేడం సంచి కింద పెట్టేసి, కళ్ళద్దాలు సవరించుకుని, తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

యాదయ్య కంగారుగా వచ్చి చేతులు జోడించాడు.

"ఆ దిక్కు జూడకుండ్రి మేడం. డబ్బ సరిపోలే. రేపు అది గూడ ఏపిస్త."